తొమ్మిది నెలల సిపాయిలు

అమెరికా అంతర్యుద్ధంలో పనిచేసిన 13వ వెర్మాంట్ రెజిమెంట్ సర్వీసు రికార్డు రాస్తే ఒక్క పేజీ కూడా నిండదు. 1862 అక్టోబర్ 10న బ్రాటిల్‌బరో అనే ఊళ్లో భర్తీ. 1863 జూలై 21న అదే ఊళ్లో డిశ్చార్జ్. మధ్యలో వాషింగ్టన్ చుట్టూ కాపలా, వర్జీనియాలో ఒక నది ఒడ్డున కాపలా, చిట్టచివర ఒక యుద్ధం. ఆ యుద్ధం గెటిస్‌బర్గ్ కాబట్టి నూట అరవై ఏళ్ల తరువాత హనుమకొండలో కూర్చుని నేను వాళ్ల గురించి రాస్తున్నాను.

నా సంగతి తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. మాది పరకాల దగ్గర పల్లె. మద్రాస్ రెజిమెంట్‌లో చేరి, వెల్లింగ్టన్‌లో ట్రైనింగ్ చేసి, హవల్దార్‌గా రిటైరయ్యాను. ఇప్పుడు పొద్దున పూట సుబేదారి ఆర్ట్స్ కాలేజీ గ్రౌండ్‌లో ఆర్మీ ర్యాలీకి తయారయ్యే పిల్లలను పరుగెత్తిస్తుంటాను. 1600 మీటర్లు 5 నిమిషాల 30 సెకన్ల లోపు వస్తే 60 మార్కులు, పుల్లప్స్ పది తీస్తే 40. ఈ లెక్కలు వాళ్లకు నాకంటే బాగా తెలుసు. వాళ్లకు తెలియనివి వేరే ఉన్నాయి. బూటు ఎలా ఎంచుకోవాలి, రూట్ మార్చ్‌లో నీళ్లు ఎప్పుడు తాగాలి, ఉస్తాద్ తిట్టినప్పుడు మొహం ఎలా పెట్టాలి. అవి నేను చెప్తాను.

2022లో అగ్నిపథ్ వచ్చినప్పటి నుంచి గ్రౌండ్‌లో ఒకటే మాట. "నాలుగేండ్లకే ఇంటికి పంపిస్తరు, గదేం సర్వీస్ సార్?" ఆ జూన్‌లో సికింద్రాబాద్ స్టేషన్‌లో రైళ్లు తగలబడ్డాయి, కాల్పులు జరిగాయి, చనిపోయిన అబ్బాయి మన జిల్లా వాడు. అప్పుడు ఒక వారం రోజులు గ్రౌండ్‌కు ఎవరూ రాలేదు. తరువాత మెల్లగా ఒక్కొక్కరే వచ్చారు. కోపం పోయి కాదు, వేరే దారి లేక వచ్చారు. ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేకపోయింది. నాకు పింఛను వస్తుంది కదా, నేనేం చెప్పినా నీతులు చెప్పినట్టే ఉంటుంది.

తరువాత అమెరికాలో బిడ్డ దగ్గరికి వెళ్లాను. వాళ్లుండేది పెన్సిల్వేనియాలో హారిస్‌బర్గ్ పక్కన. మన తెలుగువాళ్లు అక్కడ చాలామందే ఉన్నారు, గుడి కూడా ఉంది. ఇంట్లో కూర్చోలేక నేను పడే అవస్థ చూసి అల్లుడు, "మామా, గంటలోపు దూరంలో గెటిస్‌బర్గ్ అని పెద్ద యుద్ధభూమి ఉంది, పోదామా?" అన్నాడు. పోయాం. మనోళ్లు మామూలుగా అక్కడ ఫిరంగి పక్కన నిలబడి ఫొటో దిగి వచ్చేస్తారు. నేను మాత్రం హాంకాక్ అవెన్యూ అనే దారిలో ఒక కంచు సిపాయి ముందు ఆగిపోయాను. ఆ విగ్రహం ఒక లెఫ్టినెంట్‌ది. పాదాల దగ్గర గొడ్డలి పడి ఉంది. గొడ్డలి ఎందుకని బిడ్డను అడిగితే ఫోన్‌లో చదివి చెప్పింది. ఆ తరువాత నేను అక్కడున్నన్ని రోజులూ లైబ్రరీకి తీసుకుపొమ్మని దాని ప్రాణం తీశాను. "బాపూ, నువ్వు నా కోసం వచ్చినవా, సిపాయిల కోసం వచ్చినవా?" అనేది.

మూడు నెలల సిపాయిల నుంచి మొదలుపెట్టాలి. 1861 ఏప్రిల్‌లో ఉత్తరాది, దక్షిణాది రాష్ట్రాల మధ్య అంతర్యుద్ధం మొదలవగానే అధ్యక్షుడు లింకన్ ఉత్తరాది తరఫున 75 వేలమందిని పిలిచాడు, మూడు నెలలకు. మూడు నెలల్లో అయిపోతుందని అనుకుని మాత్రమే కాదు. 1795 నాటి చట్టం ప్రకారం మిలీషియాను, అంటే రాష్ట్రాల పౌరసేనను, అంతకు మించి ఉంచుకునే అధికారం ఆయనకు లేదు. జూలై 21న బుల్ రన్‌లో మొదటి పెద్ద యుద్ధం వచ్చింది. సరిగ్గా ఆ సమయానికే 4వ పెన్సిల్వేనియా రెజిమెంట్‌కూ, న్యూయార్క్ ఫిరంగి దళం ఒకదానికీ గడువు తీరింది. ఉండమని జనరల్ అడిగాడు. మా సర్వీస్ అయిపోయింది, మేం పోతాం అన్నారు. ఎదుట ఫిరంగులు మోగుతుంటే వాళ్లు వెనక్కి నడుచుకుంటూ పోయారు. 4వ పెన్సిల్వేనియా కల్నల్ హార్ట్రాన్‌ఫ్ట్ మాత్రం సిగ్గుపడి ఒక్కడే ఆగి, ఇంకొకరి దగ్గర సాయంగా పనిచేశాడు. ఆ పనికి ఆయనకు తరువాత మెడల్ ఆఫ్ ఆనర్ ఇచ్చారు, అది అమెరికాలో అన్నిటికంటే పెద్ద శౌర్య పతకం.

ఇది నేను గ్రౌండ్‌లో చెప్పినప్పుడు పిల్లలు రెండు ముఠాలయ్యారు. "అగ్రిమెంట్ అయిపోయినంక పోతే తప్పేంది సార్?" అన్నాడొకడు. చట్టం ప్రకారం తప్పు లేదు. మరి కల్నల్ ఎందుకు ఆగాడని ఇంకొకడు అడిగాడు. దానికి ఆ మొదటివాడు, "కల్నల్‌కు జీతమెక్కువ" అన్నాడు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను.

1862కు వచ్చేసరికి యుద్ధం తేలేది కాదని తెలిసిపోయింది. జూలై 17న కొత్త మిలీషియా చట్టం చేసి గడువును తొమ్మిది నెలలకు పెంచారు. ఆగస్టు 4న లింకన్ 3 లక్షలమందిని అడిగాడు. వచ్చింది 90 వేలకు లోపే. అందులో వెర్మాంట్ రాష్ట్రం ఐదు రెజిమెంట్లు ఇచ్చింది: 12 నుంచి 16 దాకా. వెర్మాంట్ ఉత్తరాన కెనడా పక్కన ఉన్న చిన్న కొండల రాష్ట్రం. అప్పటి జనాభా 3 లక్షల 15 వేలు, అంటే ఇవాళ్టి వరంగల్ నగరంలో సగం కూడా లేదు. చేరినవాళ్లు ఎక్కువగా రైతుబిడ్డలు. కోతలు అయ్యాక పోయి, మళ్లీ వేసవి పనుల నాటికి వచ్చేయవచ్చని లెక్క. కేంద్రం నెలకు 13 డాలర్లు ఇస్తే రాష్ట్రం ఇంకో 7 కలిపేది. ఇరవై డాలర్లు పల్లెటూరి కుర్రాడికి మంచి డబ్బే. దేశభక్తి లేదని కాదు. దేశభక్తి ఉన్నవాడికీ ఇంట్లో అప్పు ఉంటుంది.

నన్ను బిత్తరపోయేలా చేసిన సంగతి ఇంకొకటి. కంపెనీ ఆఫీసర్లను సిపాయిలే ఓటేసి ఎన్నుకున్నారు! మన ఊళ్లో సర్పంచ్ ఎన్నిక అయినట్టు కెప్టెన్ ఎన్నిక అయింది. నా సర్వీసులో ఇలాంటిది ఊహించను కూడా లేను. మా ప్లటూన్‌లో ఓటింగ్ పెట్టి ఉంటే లంగర్ కమాండర్ (వంటశాల పెద్ద) గెలిచేవాడు, సందేహం లేదు. 13వ రెజిమెంట్‌లో ఎ కంపెనీలో ఎక్కువమంది ఐరిష్ వాళ్లు. వాళ్ల కెప్టెన్ జాన్ లోనర్గన్ కూడా ఐర్లండ్‌లో పుట్టినవాడే. కల్నల్ పేరు ఫ్రాన్సిస్ రాండల్.

అయిదు రెజిమెంట్లనూ కలిపి ఒక బ్రిగేడ్ చేసి వాషింగ్టన్ రక్షణకు పెట్టారు. ఇక తొమ్మిది నెలల్లో ఎనిమిది నెలలూ జరిగింది ఏమిటంటే: తవ్వడం, చెట్లు కొట్టడం, సంత్రీ డ్యూటీ, డ్రిల్, జబ్బు. డిసెంబర్‌లో ఫెయిర్‌ఫాక్స్ కోర్ట్‌హౌస్ దగ్గరికి వెళ్లారు. ఆ నెలాఖరున దక్షిణాది అశ్వికదళ నాయకుడు స్టూవర్ట్ వాళ్ల మీదికి వస్తే కొద్దిసేపు కాల్పులు జరిగాయి. ఆ దాడిలోనే స్టూవర్ట్ టెలిగ్రాఫ్ ఆఫీసు ఒకటి పట్టుకుని, మీ కంచరగాడిదలు నాసిగా ఉన్నాయి, మంచివి పంపండి అని ఉత్తరాది సైన్యం సప్లయ్ అధికారికే తంతి కొట్టించాడు. జనవరి నుంచి ఆకొక్వాన్ నది ఒడ్డున వుల్ఫ్ రన్ షోల్స్ అనే రేవు దగ్గర మకాం. మంచు, బురద, గుడారాలు. తట్టు, టైఫాయిడ్, న్యుమోనియా, విరేచనాలు. ఈ రెజిమెంట్‌లో తుపాకీ గుండుకు పోయినవాళ్ల కంటే జబ్బుకు పోయినవాళ్లే ఎక్కువ. ఆ యుద్ధం మొత్తంలోనూ అంతే, మూడు చావుల్లో రెండు రోగం వల్లే. పల్లెటూరి పిల్లలు చిన్నప్పుడు తట్టు రాకుండా పెరిగి, వేలమంది ఉన్న క్యాంపుకు వచ్చి అక్కడ తెచ్చుకున్నారు.

సర్వీస్ అంటే యుద్ధమే అనుకునే పిల్లలకు ఈ ఎనిమిది నెలల గురించే నేను ఎక్కువ చెప్తాను. నా సర్వీసులోనూ గుండు పేల్చిన రోజుల కంటే గడ్డి పీకిన రోజులే ఎక్కువ. సంత్రీ డ్యూటీలో రాత్రి రెండు గంటలకు నిద్ర ఆపుకోవడం నేర్చుకోవడానికే నాకు చాలా కాలం పట్టింది. ఎవరూ దానికి మెడల్ ఇవ్వరు.

వాళ్ల బ్రిగేడ్ కమాండర్ ఎడ్విన్ స్టౌటన్. వయసు 24. వెస్ట్ పాయింట్ మిలిటరీ అకాడమీలో చదివినవాడు, షోకుల రాయుడు, సిపాయిలకు అతనంటే పడేది కాదు. 1863 మార్చి 9 తెల్లవారుజామున మాస్‌బీ అనే దక్షిణాది గెరిల్లా నాయకుడు ముప్పైమందిలోపు రౌతులతో ఫెయిర్‌ఫాక్స్ ఊళ్లోకి జొరబడి, మంచం మీద పడుకున్న జనరల్‌ను లేపి తీసుకుపోయాడు. జనరల్‌తో పాటు ఇద్దరు కెప్టెన్లు, ముప్పైమంది సిపాయిలు, 58 గుర్రాలు. రెజిమెంట్లేమో మైళ్ల దూరంలో ఉన్నాయి, జనరల్ మాత్రం ఊళ్లో సుఖంగా ఇంట్లో ఉన్నాడు. జనరల్‌ను ఇంకొకణ్ణి తయారు చేసుకోగలను గానీ గుర్రాలు ఒక్కొక్కటి 125 డాలర్లు అని లింకన్ అన్నట్టు చెప్పుకుంటారు.

అందరూ ఈ కథ చెప్పి నవ్వుతారు. నేను మాత్రం ఆ స్టౌటన్‌కు ఒక సెల్యూట్ బాకీ ఉందంటాను. ఎందుకంటే ఆ చలికాలమంతా బ్రిగేడ్‌ను డ్రిల్‌తో రుబ్బింది అతనే. ఊళ్లో నిద్రపోయాడు, పట్టుబడ్డాడు, పరువు పోయింది, అన్నీ నిజమే. కానీ జూలై 3న జరిగినదాంట్లో అతని డ్రిల్ ఉంది. ఎలాగో చెప్తాను.

ఏప్రిల్‌లో కొత్త కమాండర్ వచ్చాడు: జార్జ్ స్టానర్డ్. వెర్మాంట్ వాడే, యుద్ధాలు చూసినవాడు. జూన్ 25న ఆజ్ఞ వచ్చింది. దక్షిణాది సేనాని లీ సైన్యం ఉత్తరానికి పోతోంది, మీరు వెళ్లి మొదటి కోర్ అనే పెద్ద దళంలో కలవండి అని. 13వ రెజిమెంట్ గడువు భర్తీ తేదీ నుంచి లెక్కేస్తే జూలై 10తో ముగుస్తుంది. అంటే ఇంకా పదిహేను రోజులు. సంచులు సర్దుకుని ఇంటికి పోవాల్సినవాళ్లు పిట్టూలు (వీపు సంచులు) వేసుకుని ఉత్తరం దారి పట్టారు.

వారం రోజులు నడిచారు, రోజుకు సగటున 18 మైళ్లు. కిలోమీటర్లలో దాదాపు 29. మొత్తం కలిపితే హనుమకొండ నుంచి బయల్దేరి హైదరాబాద్ దాటి షాద్‌నగర్ చేరినంత. వానలో, బురదలో, జూన్ ఉక్కపోతలో, ఉన్ని యూనిఫారంతో. నెలల తరబడి ఒకే చోట కాపలా కాసిన కాళ్లు అవి. బూట్లు తెగిపోయాయి. కొందరు వట్టి కాళ్లతో నడిచారు. ముందున్న కోర్‌ను అందుకోవాలి కాబట్టి ఆగడానికి లేదు, లైన్ వదిలి పోవడానికి వీల్లేదని కఠినమైన ఆర్డర్, దారిలో బావుల దగ్గర సంత్రీలు.

ఇక్కడే గొడ్డలి కథ. కె కంపెనీ లెఫ్టినెంట్ స్టీఫెన్ బ్రౌన్. స్వాంటన్ ఊరి కుర్రాడు. తన సిపాయిలు దాహంతో పడిపోతుంటే చూడలేక క్యాంటీన్లు పోగుచేసుకుని బావి దగ్గరికి పోయాడు. సంత్రీ ఆపాడు. ఆపినా వినకుండా నీళ్లు తోడుకుని తెచ్చాడు. ఆర్డర్ ధిక్కరించినందుకు అరెస్టు చేసి కత్తి తీసేసుకున్నారు. ఆఫీసర్‌కు కత్తి తీసేయడమంటే బట్టలిప్పినంత పని. గెటిస్‌బర్గ్ చేరాక యుద్ధం మొదలైతే తన కంపెనీలోకి వచ్చాడు గానీ చేతిలో ఆయుధం లేదు. క్యాంపులో కట్టెలు కొట్టే చిన్న గొడ్డలి ఒకటి దొరికితే అదే పట్టుకుని ముందుకు పోయాడు. దాంతోనే ఒక దక్షిణాది ఆఫీసర్‌ను లొంగదీసి అతని కత్తి, పిస్తోలు తీసుకున్నాడు.

ముప్పై ఆరేళ్ల తరువాత రెజిమెంట్ వాళ్లు స్మారకం కట్టుకునేటప్పుడు పైన బ్రౌన్ విగ్రహాన్నే పెట్టుకున్నారు. గొడ్డలి చేతిలో ఉండాలని వాళ్ల కోరిక. ఆర్డర్ ధిక్కరించినదానికి గుర్తుగా ఉంటుందని పైవాళ్లు ఒప్పుకోలేదు. చివరికి కత్తి చేతికి, గొడ్డలి పాదాల దగ్గరికి వచ్చాయి.

అల్లుడు ఈ కథ విని బ్రౌన్‌ను హీరో అన్నాడు. నేను ఒప్పుకోలేదు. నేను ఆ బావి దగ్గర సంత్రీగా ఉంటే ఏం చేసేవాణ్ణి? నాకిచ్చిన ఆర్డర్ ఎవరినీ రానీయవద్దని. ఒక లెఫ్టినెంట్ వచ్చి తోసుకుని పోతే తరువాత మాట పడేది నేను. అన్ని కంపెనీల వాళ్లూ అలాగే బావి చుట్టూ గుమికూడితే బ్రిగేడ్ ఆ రోజు కదలదు, జూలై 1 సాయంత్రానికి చేరదు. అరెస్టు సరైనదే. విగ్రహం కూడా సరైనదే. తన పిల్లల కోసం నీళ్లు తెచ్చిన ఆఫీసర్‌ను సిపాయి చచ్చేదాకా మరచిపోడు, ఇది నేను చూశాను. రెండూ ఒకేసారి ఎట్లా సరైనవంటే నాకు చెప్పడం రాదు. యూనిఫారం వేసినవాడికి చెప్పక్కర్లేదు.

జూలై 1 పొద్దుగుంకే వేళకు గెటిస్‌బర్గ్ చేరారు. 12, 15 రెజిమెంట్లను సామాను బండ్ల కాపలాకు పంపేశారు. మిగిలింది 13, 14, 16.

మరునాడు సాయంత్రం దక్షిణాది వాళ్లు లైన్ మధ్యలోకి చొచ్చుకొచ్చి ఫిరంగులు పట్టుకున్నారు. ఉత్తరాది జనరల్ హాంకాక్ కల్నల్ రాండల్ దగ్గరికి వచ్చి, ఆ ఫిరంగులు తిరిగి తేగలవా అని అడిగాడు. రాండల్ అయిదు కంపెనీలతో పోయాడు. గుర్రానికి గుండు తగిలి ఆయన కాలు దాని కింద ఇరుక్కుంది. సిపాయిలు లాగితే లేచి, కుంటుకుంటూ వాళ్ల ముందుకే పరుగెత్తాడు. ఫిరంగులు తిరిగొచ్చాయి. లోనర్గన్ ఐరిష్ కంపెనీ ఇంకా ముందుకు పోయి, ఎమిట్స్‌బర్గ్ రోడ్డు మీద ఒక ఇంటిని చుట్టుముట్టి ఎనభైమంది దాకా శత్రు సిపాయిలను పట్టుకుంది. అంతకుముందు ఒక్క పెద్ద యుద్ధం కూడా చూడనివాళ్లు వీళ్లు.

జూలై 3. మధ్యాహ్నం ఒంటిగంట ప్రాంతంలో ఫిరంగులు మొదలయ్యాయి. ఆ రోజుల్లో ఆ ఖండం మీద అంత పెద్ద ఫిరంగి మోత ఎవరూ విని ఉండలేదు. వెర్మాంట్ వాళ్లు మెయిన్ లైన్ కంటే కొంచెం ముందుకు, పల్లపు నేలలో బోర్లా పడుకుని ఉన్నారు. ఆ తరువాత పన్నెండు వేలకు పైగా దక్షిణాది సిపాయిలు దాదాపు మైలు దూరం బయలు మీదుగా నడుచుకుంటూ వచ్చారు. దీన్నే పికెట్ దాడి అంటారు. నేను ఆ మైలు నడిచాను. గడ్డి, మెల్లగా దిగి ఎక్కే నేల, అడ్డుగా చెక్క కంచెలు. ఏ మూల నుంచి చూసినా దాక్కునే చోటు లేదు. ఆ నేలలో అలా నడిపించిన కమాండర్ల మీద నాకు కోపం వచ్చింది. ఎవరి పక్షమైనా సరే, సిపాయిని అట్లా వాడకూడదు.

దాడి వాళ్ల మీదికి వస్తున్నట్టే వచ్చి, ఉత్తరం వైపు చెట్ల గుబురు మీదికి మళ్లింది. అలా మళ్లడంతో దక్షిణాది కెంపర్ బ్రిగేడ్ కుడి పక్క మొత్తం వెర్మాంట్ వాళ్ల ముందు తెరుచుకుంది. స్టానర్డ్ అది చూశాడు. 13వ రెజిమెంట్‌కు, వెంటనే 16వ దానికి ఆర్డర్ ఇచ్చాడు: మొదటి కంపెనీని ఇరుసు చేసుకుని లైన్ మొత్తం తలుపు తెరిచినట్టు ముందుకు తిరగాలి. పడమర చూస్తున్న లైన్ ఉత్తరం చూడాలి.

పరేడ్ గ్రౌండ్‌లో ఇది చేయించినవాణ్ణి కాబట్టి చెప్తున్నాను, ఇది ఎండలో, ఖాళీ గ్రౌండ్‌లో, ఎవరూ కాల్చనప్పుడు కూడా కష్టం. ఇరుసు దగ్గరివాడు అడుగులు కుదించాలి, చివరివాడు దాదాపు పరుగెత్తాలి, మధ్యవాడు ఇటూ అటూ చూస్తూ లైన్ వంగకుండా ఉంచాలి. ఒక్క కంపెనీ తొందరపడితే ఇంకో కంపెనీ ముందు అడ్డం పడుతుంది. పొగలో, ఫిరంగి గుండ్లు పడుతుంటే, పక్కవాడు కూలుతుంటే, రెండు రెజిమెంట్లు ఆ పని చేశాయి. అందులో 13వ దానికి గడువు తీరడానికి ఇంకా వారమే ఉంది. ఇంత పని గుండెధైర్యం ఒక్కదానితో కాదు. వుల్ఫ్ రన్ షోల్స్ బురదలో విసుగుపుట్టేదాకా చేసిన డ్రిల్ ఉంటే అవుతుంది. మంచం మీద పట్టుబడ్డ ఆ జనరల్‌కు నేను సెల్యూట్ అన్నది ఇందుకే.

తిరిగి, పక్క నుంచి కాల్చడం మొదలుపెట్టారు. ఆ తుపాకులకు మందు, గుండు గొట్టం మూతి నుంచే దట్టాలి. చేయి తిరిగినవాడు నిమిషానికి మూడు గుండ్లు కాలుస్తాడు. ఎదుటివాడు పక్కకు తిరిగి జవాబివ్వలేడు, ఒకణ్ణి తప్పిన గుండు వెనకవాడికి తగులుతుంది. పదీ పదిహేను నిమిషాల్లో కెంపర్ బ్రిగేడ్ కుడి పక్క చెదిరిపోయింది. పికెట్ దాడి విఫలం కావడానికి ఇదొక్కటే కారణం కాదు, ఎదుట రాతిగోడ దగ్గర నిలబడినవాళ్ల పాత్ర పెద్దది. కానీ పక్కటెముకలో పొడిచింది మాత్రం వీళ్లే.

అక్కడితో అయిపోలేదు. దక్షిణాది విల్‌కాక్స్, లాంగ్ బ్రిగేడ్లు ఆలస్యంగా వెనక నుంచి వచ్చాయి. 16వ రెజిమెంట్ కల్నల్ వీలాక్ వీజీ తన వాళ్లను వెనక్కి తిప్పి, వచ్చిన దారినే నడిపించి, ఈసారి వాళ్ల పక్క మీద పడ్డాడు. 2వ ఫ్లోరిడా రెజిమెంట్ జెండా చేతికి చిక్కింది. వీజీకి మెడల్ ఆఫ్ ఆనర్ వచ్చింది. లోనర్గన్‌కూ ముందురోజు పనికి వచ్చింది. హాంకాక్ గాయపడింది కూడా ఇక్కడే, వీళ్ల మధ్యనే. గుర్రం మీద నుంచి ఒరుగుతుంటే ఇద్దరు వెర్మాంట్ ఆఫీసర్లు పట్టుకున్నారు. స్టానర్డ్ తొడకు దెబ్బ తగిలినా రాత్రిదాకా కదల్లేదు.

13వ రెజిమెంట్‌లో చనిపోయినవాళ్లు 10, గాయపడినవాళ్లు 103, కనిపించకుండా పోయినవాళ్లు 10. బ్రిగేడ్ మొత్తం మీద 351. వీళ్లలో ఎంతమంది ఇంటికి ఉత్తరం రాసి ఉంటారో, ఫలానా తేదీకి వస్తున్నాను అని.

విగ్రహాల్లో ఒక తమాషా ఉంది. అక్కడే ఎత్తైన స్తంభం మీద స్టానర్డ్ విగ్రహం కుడి చెయ్యి లేకుండా ఉంటుంది. గెటిస్‌బర్గ్‌లో ఆయనకు రెండు చేతులూ ఉన్నాయి. కుడి చెయ్యి పోయింది 1864 సెప్టెంబర్‌లో, ఫోర్ట్ హారిసన్ దగ్గర. అంటే ఆ విగ్రహం ఆ రోజు మనిషిది కాదు, మొత్తం సర్వీసుది. గొడ్డలి బ్రౌన్ కూడా ఇంటికి పోయి ఊరుకోలేదు. 17వ వెర్మాంట్‌లో కెప్టెన్‌గా మళ్లీ చేరాడు. 1864 మేలో వైల్డర్‌నెస్ యుద్ధంలో చెయ్యి పోగొట్టుకున్నాడు.

రికార్డు గురించి ఒక మాట. ఈ తొమ్మిది నెలల సిపాయిల్లో ఎవడు ఏ రోజు చేరాడు, ఏ జబ్బుతో ఎప్పుడు ఆసుపత్రికి పోయాడు, అన్నీ కాగితం మీద ఉన్నాయి. రెజిమెంట్ వాళ్లు ముసలివాళ్లయ్యాక తామే కూర్చుని చరిత్ర రాసుకున్నారు. మా తాత 1948లో రజాకార్ల రోజుల్లో ఊరి బురుజు మీద వడిసెల పట్టుకుని రాత్రుళ్లు కాపలా కాసినవాడు. బైరాన్‌పల్లిలో జరిగింది విన్నాక చుట్టుపక్కల ఊళ్లన్నీ అట్లాగే కాచాయి. ఆ కాపలాకు హాజరుపట్టీ లేదు, డిశ్చార్జ్ కాగితం లేదు. పింఛను కోసం ఎవరో సర్టిఫికెట్ అడిగితే తాత నవ్వి ఊరుకున్నాడని మా నాయన చెప్పేవాడు. నాయన మాత్రం నవ్వేవాడు కాదు.

గ్రౌండ్‌లో పిల్లలు చివరికి అడిగేది పింఛను గురించే. సరే, చెప్పాను. 1890లో అమెరికా ఒక చట్టం చేసింది. అంతర్యుద్ధంలో 90 రోజులు పనిచేసి గౌరవంగా డిశ్చార్జ్ అయినవాడు, తరువాత సొంత దురలవాట్ల వల్ల కాకుండా వేరే ఏ కారణం వల్లనైనా సరే ఒళ్లు కష్టం చేయలేని స్థితికి వస్తే పింఛను ఇస్తారు, నెలకు 6 నుంచి 12 డాలర్లు. దెబ్బ యుద్ధంలోనే తగిలి ఉండాలన్న షరతు లేదు. తొమ్మిది నెలల వాళ్లు అందులోకి వచ్చారు. 1864లో ఒహాయో, ఇండియానా లాంటి రాష్ట్రాలు వంద రోజుల కోసం పంపిన సిపాయిలు కూడా పది రోజుల తేడాతో లోపలికి వచ్చారు. యుద్ధం అయిపోయిన పాతికేళ్లకు గానీ ఆ చట్టం రాలేదు, అదీ ముసలి సిపాయిల సంఘం ఊరూరా ఓట్లు లెక్కపెట్టి చూపిస్తే వచ్చింది.

మా దగ్గర డిగ్రీ చదివే కుర్రాడు ఒకడు వెంటనే ఫోన్ తీసి లెక్క మొదలుపెట్టాడు. నాలుగేళ్ల తరువాత సేవా నిధి 11 లక్షల 71 వేలు, వందలో 25 మంది దాకా పర్మనెంట్, మిగతావాళ్లకు పింఛను లేదు. "మనకు గూడ పాతికేండ్లు ఆగుమంటరా సార్?" అన్నాడు. నేనన్నది ఇంతే. "సంఘం పెట్టుకోండి బిడ్డా. పోయేటప్పుడే పేర్లు రాసి పెట్టుకోండి, వచ్చినంక కాదు." ఇంకో పిల్లాడికి మాత్రం ఇదేమీ పట్టలేదు. ఆ మొదటి కంపెనీ ఇరుసు డ్రిల్ చేసి చూపించమని నా వెంట పడ్డాడు. పన్నెండుమందితో చేయించాను. మూడో అడుగుకే లైన్ చెదిరి ఒకరి మీద ఒకరు పడ్డారు. మళ్లీ చేయించాలి.